చేపల కారులో నేను పీకేసిన ఫ్యూజు

పోయిన వారం మా పక్కింటాయన కారులో బౌరంపేటలో ఒక గృహప్రవేశానికి వెళ్తున్నాం. ఆయన గోదావరి వైపు మనిషి, జీడిమెట్లలో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఊరికి తిరిగి వెళ్ళకుండా మేడ్చల్‌లో మా కాలనీలోనే ఇల్లు కట్టుకుని ఉండిపోయాడు. బండి మాత్రం కొత్తది, నెల కూడా నిండలేదు. సన్నగా జల్లు పడుతోంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక కుక్క అడ్డం వచ్చేసరికి ఆయన బ్రేకు గట్టిగా తొక్కాడు, బండి కుక్కకు బారెడు దూరంలో ఆగింది, కుక్క దాని దారిన అది పోయింది, కానీ పెద్దాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కాలి కింద పెడలు టకటకా కొట్టుకుందండీ, కొత్త బండికి అప్పుడే బ్రేకులు పోయాయేమిటండీ అన్నాడు. ఏమీ పోలేదు, తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే అది అలాగే కొట్టుకోవాలి, కొట్టుకుంటోందని కాలు మాత్రం తీయకండి అని చెప్పాను. ఆయన నెమ్మదించి, మెకానిక్కు పక్కింట్లో ఉండటం ఎంత అదృష్టమో అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆ రెండు ముక్కలు నేర్చుకోవడానికి నాకు ఎంత పట్టిందో, అందుకు ఎవరు ఏమి పోగొట్టుకున్నారో ఆయనకు తెలియదు, మా ఇంటివాళ్ళకూ, ఒక ఊరి పెద్దమనుషులకూ తప్ప బయట ఎవరికీ నేను చెప్పిందీ లేదు.

నేను పని నేర్చుకున్నది మా మేనమామ దగ్గర. మేడ్చల్ నుంచి షామీర్‌పేట వైపు వెళ్ళే రోడ్డు పక్కన, రేకుల కింద ఆయన షెడ్డు ఉండేది, తర్వాత అదే నా చేతికి వచ్చింది. మన వయసువాళ్ళకు ఆనాటి షెడ్లు గుర్తుండే ఉంటాయి. నూనె పీల్చుకుని నల్లగా నిగనిగలాడే నేల, గోడకు వేలాడే పాత బెల్టులు, కూర్చోవడానికి ఏదో అంబాసిడర్ నుంచి ఊడదీసిన వెనక సీటు, అక్కడ కూర్చుని తన బండి పని అయ్యేదాకా కదలని యజమాని. ఇప్పటిలాగా బండిని ఇచ్చేసి పోయి ఫోన్లో మెసేజీ కోసం చూసే రోజులు కావవి. మామ నట్టు బిగిస్తుంటే యజమాని చూడాలి, యజమాని చూస్తున్నాడని మామ ఇంకొంచెం దర్జాగా బిగించాలి.

బ్రేకు పని అయిన ప్రతి బండికీ మా మామ ఒక పరీక్ష పెట్టేవాడు. బండిని రోడ్డెక్కించి, కొంత వేగం పట్టించి, ఒక్కసారిగా పెడలు తొక్కేవాడు. చక్రాలు బిగుసుకుపోయి, కీచుమని, రోడ్డు మీద నల్లటి గీతలు పడేవి. అప్పుడు దిగి యజమానిని పిలిచి ఆ గీతల పక్కన నిలబెట్టేవాడు. రెండు పక్కలా సమానంగా ఉంటే పని అయినట్టు, ఒక పక్కది పొట్టిగా ఉంటే మళ్ళీ చక్రం విప్పినట్టు. గీత చూడనిదే బండి తీసుకుపోని యజమానులు ఉండేవారు, మెడికల్ షాపాయన ఒకాయన అయితే చెప్పుతో రాసి మరీ చూసేవాడు. మా షెడ్డు ముందు రోడ్డు ఎప్పుడూ చారలు చారలుగా ఉండేది, కొత్తగా తారు వేసిన వారానికే మళ్ళీ చారలు పడేవి, అవి చూసి మాకు లోపల్లోపల గర్వంగా ఉండేది. బ్రేకంటే గీతేరా అనేవాడు మామ. ఆయన పోయాక కూడా నేను ఆ మాట మీదే బతికాను. అందులో ఆయన తప్పేమీ లేదు, ఆయన కాలం బండ్లకు అది సరైన పరీక్షే. కాలం దాటిపోయినా గీత కోసం వెతికినవాణ్ణి నేను.

మాది చేపలు పట్టుకుని బతికే కుటుంబం. నేనొక్కణ్ణే వల వదిలి పానా పట్టుకున్నాను. మా చెల్లెను షామీర్‌పేటలో మా వాళ్ళకే ఇచ్చాం. అమ్మా నాయినా ఒకరి వెనక ఒకరు పోయాక ఆమెకు పుట్టిల్లంటే నేనే, పండగకు పిలిచి చీర పెట్టాల్సింది నేనే, కష్టమొస్తే ఆమె బస్సెక్కి రావాల్సింది మా ఇంటికే. బావ మంచివాడు, మాట తక్కువ. చెరువు నీళ్ళ రంగు చూసి చేప ఎటు తిరుగుతోందో చెప్పగలిగినవాడు. ఒక్క కల్లు అలవాటు మాత్రం ఉండేది. ఒకసారి కల్లు మీద చెరువుగట్టున పెద్ద గొడవైంది, అప్పుడు పెద్దమనుషుల ముందు, గంగమ్మ మీద చెయ్యి వేసి ఇక ముట్టనని ఒట్టు పెట్టాడు. అక్కడ చెరువులో వేటకు వంతులుండేవి, ఏ ఇంటివాళ్ళు ఏ వారాల్లో వల వెయ్యాలో పెద్దమనుషులే పంచేవారు. ఒట్టు తప్పితే ఏడాదిపాటు ఆయన వంతు వేరేవాళ్ళకు పోతుందని ఆనాడే మాట అయింది. మూడేళ్ళు బావ ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు. మా చెల్లె మొహంలో ఆ మూడేళ్ళలో వచ్చిన నిండుదనం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

ఆ రోజుల్లోనే వాళ్ళు కారు కొన్నారు. చెల్లె ఆదివారం ఆదివారం బౌరంపేట కాలనీల్లో ఇంటింటికీ చేపలు అమ్మేది. కోస్తా నుంచి వచ్చి అక్కడ ఇళ్ళు కట్టుకున్న ఉద్యోగస్తులు, చేప తాజాదనం కంటిని చూసి చెప్పగలిగినవాళ్ళు. అందులో ఒక ఆఫీసరుగారు కొత్త కారు కొంటూ తన పాతదాన్ని వీళ్ళకు తక్కువ ధరకు ఇచ్చాడు. బాగా పాతదే, కానీ ఒకప్పుడు పెద్దవాళ్ళు ఎక్కిన కారు, చక్రం బిగుసుకోకుండా కాపాడే కొత్తరకం బ్రేకులు ఆ కాలానికే అందులో ఉన్నాయి, ఏబీఎస్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు వెనక డిక్కీ మీద మెరుస్తూ ఉండేవి. ఆ డిక్కీలో తొట్టి పెట్టి, ఐసు పోసి, ఇంకా చల్లగా ఉండటానికి ఉప్పు చల్లి, పైన తడి గోనెపట్టా కప్పి, మా వాళ్ళు దాన్ని చేపల బండి చేశారు. ఐసు కరిగిన నీళ్ళు డిక్కీలో నిలిచి వాసన వస్తోందని చెల్లె అంటే, నేనే డ్రిల్లు పట్టుకుని ఎడమ వైపు అడుగున రెండు బొక్కలు వేశాను. నీళ్ళు జారి రోడ్డు మీద పడిపోతుంటే ఆమె ముచ్చటగా చూసింది. నేను మీసం మీద చెయ్యి వేసుకోలేదంటే ఆ చెయ్యి నూనెతో ఉండబట్టే.

ఏడెనిమిది నెలలకు బండి మొరాయించింది. బండి ఆగడం లేదు. పూర్తిగా ఆగకపోవడం కాదు, నెమ్మదిగా వచ్చి ఆగబోయే చివరి క్షణంలో పెడలు కాలి కింద గిలగిలా కొట్టుకుని, బండి తన దారిన తను ఇంకో రెండు గజాలు ముందుకు పోయేది. మేడ్చల్ మార్కెట్లో అలాగే పోయి ఒక కూరగాయలామె తక్కెడ బల్లను పడగొట్టింది. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ షెడ్డుకు వచ్చారు.

"అన్నా, గీ బండి మాట ఇంటలేదు. ఇయ్యాల బల్లకు తాకింది, రేపు ఎవరి పిల్లకన్న తాకితె మేమేం గావాలె? నువ్వు సూసి, మంచిగుందంటెనె మేం తోలుకపోతం" అంది చెల్లె.

మూడు రోజులు ఆ బండి మీదే పడ్డాను. బ్రేకు ఆయిలు డబ్బా చూశాను, నిండుగా ఉంది. పెడలు తొక్కి పట్టి ఉంచాను, రాయిలా నిలిచింది, కిందికి జారలేదు. అయినా అనుమానం తీరక మాస్టర్ సిలిండరు మార్చాను, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తీశాను, ముందు ప్యాడ్లు మార్చాను, వెనక బ్రేకులు తుడిచి సరిచేశాను, రబ్బరు పైపులు వంచి వంచి పగుళ్ళు వెతికాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూడో రోజు సాయంత్రం బండిని రోడ్డెక్కించి మా మామ తొక్కినట్టే తొక్కాను. కాలి కింద టకటకమంది, బండి ఆగింది, గీత మాత్రం పడలేదు. మళ్ళీ వెళ్ళాను, నడుము సీటుకు ఆనించి రెండు కాళ్ళతో తొక్కాను, మళ్ళీ అదే. రోడ్డు పక్కన చెల్లె, బావ నిలబడి చూస్తున్నారు. నా చేతికింద నుంచి గీత పడని బండి అంతవరకు ఒక్కటీ పోలేదు. ఆ సంజెవేళ నాకు కలిగింది అనుమానం కాదు, సిగ్గు. నిజం చెప్పాలంటే ఆ తర్వాత చేసినదంతా ఆ సిగ్గుతో చేసిందే.

బానెట్టు కింద ఆ కొత్తరకం బ్రేకులను నడిపే ఒక నల్లటి డబ్బా, దాంట్లోకి పోయే ఆరు సన్నటి పైపులు, వాటిని చూస్తే నాకు ముందు నుంచీ చిరాకే. నేను తొక్కింది చక్రానికి చేరకుండా మధ్యలో ఇది అడ్డుపడుతోందని తీర్మానించుకున్నాను. మర్నాడు పొద్దున బావ ఎదురుగా ఉన్న టీ కొట్టుకు పోయినప్పుడు ఆ డబ్బాకు కరెంటు వెళ్ళే ఫ్యూజు పీకేశాను. పీకగానే స్టీరింగు ముందున్న అద్దాల పలకలో పసుపు లైటు వెలిగి, ఇక ఆరలేదు. ఆ లైటు చూస్తే వాళ్ళు అడుగుతారు, అడిగితే నేను చెప్పాలి. పలక ఊడదీసి ఆ బల్బు కూడా తీసేశాను. ఆ పనికి నాకు పావుగంట కూడా పట్టలేదు.

అప్పుడు రోడ్డెక్కించి తొక్కితే, నాలుగు గీతలు పడ్డాయి. మామ బతికి ఉంటే వీపు తట్టేవాడు. చెల్లె వచ్చి వాటి పక్కన నడిచి చూసింది. ఏమైందని బావ అడిగితే, లోపల చిన్న పట్టు ఉండె, తీసేసిన అన్నాను. వెనక చక్రాలు ముందు చక్రాల కన్నా ముందే బిగుసుకున్నట్టు ఆ గీతల్లో నా కంటికి ఆనింది, అలా అయితే బండి తోక తిరుగుతుంది. ముప్పై ఏళ్ళుగా గీతలు చదివిన కన్ను అది, చూడలేదంటే అబద్ధం. చూసి కూడా, నాలుగు పడ్డాయి కదా అనుకుని చేతులు కడుక్కున్నాను.

ముసురు పట్టిన మొదటి వారంలో, తెల్లవారాక, బావ చేపలతో మేడ్చల్ వస్తుండగా రోడ్డు పల్లానికి వాలే దిగుడు దగ్గర గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాడు. ఆ కారులో ఫ్యూజు ఉండి ఉంటే పెడలు కొట్టుకునేది, చక్రాలు తిరుగుతూనే వేగం తగ్గేది, ఆయన స్టీరింగు తిప్పి పక్కకు తప్పించుకునేవాడు. లేదు కాబట్టి వెనక చక్రాలు ముందుగా బిగుసుకుపోయి, బండి తోక తిరిగి, బొంగరంలా సగం చుట్టు తిరిగి, కల్వర్టు గోడకు తలుపు పక్కగా కొట్టుకుంది. గొర్రె ఒక్కటి కూడా చావలేదు. బావ కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. నేను వెళ్ళేసరికి ఆయన్ను తీసుకుపోయారు, బండి వచ్చిన దారికే మొహం తిప్పి నిలబడి ఉంది, రోడ్డు నిండా చేపలు, వాన. నేను పిచ్చివాడిలా గీతల కోసం వెతికాను. తడి రోడ్డు మీద ఒక్క గీత కూడా లేదు.

ఊళ్ళో మాట పుట్టడానికి ఎంతసేపు పడుతుంది? వెనక్కి తిరిగి నిలబడిన బండిని చూసినవాళ్ళు, తాగినోడి బండే గిట్ల తిరుగుతది అన్నారు. ఆ దిగుడుకు కొంచెం ఎగువన కల్లు కాంపౌండు ఉంది, దాని ముందు బండి ఆగడం చూశామని చెప్పేవాళ్ళు కూడా తయారయ్యారు. తాగలేదని బావ ఆసుపత్రి మంచం మీద నుంచి ఒక్కసారే చెప్పాడు, తర్వాత ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే ఆయన తాగాడనడానికి రుజువైంది. చెల్లె కూడా నమ్మింది. గంజి తెచ్చి మంచం పక్కన పెట్టి, మొహం చూడకుండా బయటి బెంచీ మీదకు పోయి కూర్చునేది. నేను ఆమె పక్కన కూర్చునేవాణ్ణి. నిజం నోటిదాకా వచ్చేది, రాగానే దాన్ని మింగి, ఏమో, తాగే ఉంటాడేమో అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. మనిషి తన తప్పును దాచుకోవడానికి ఎదుటివాడి మీద ఎంత తొందరగా అనుమానం తెచ్చుకోగలడో నేను ఆ బెంచీ మీద తెలుసుకున్నాను.

బావను ఇంటికి తెచ్చిన నాలుగో రోజు పెద్దమనుషులు ఆయన వాకిట్లోనే కూర్చున్నారు. బావ కాలికి కట్టుతో నులకమంచం మీద ఉన్నాడు, చెల్లె గడపలో నిలబడింది, నేను వెనక వరుసలో, గోడకు ఆనుకుని ఉన్నాను. బావకు పెదనాయిన వరసయ్యే ముసలాయన, అందరిలోకీ పెద్దవాడు, అడిగాడు.

"నువ్వు తాగలే అంటున్నవ్. మరి బండెందుకు గట్ల తిరిగింది బిడ్డా?"

బావ తల వంచుకున్నాడు. ముసలాయన నా వైపు తిరిగాడు.

"బ్రేకులు నువ్వేగదా జేసింది. మంచిగుండెనా లేవా, ఒక్క మాట చెప్పు. నీ మాట మీదనె ఉంటం."

అందరూ నా వైపు చూశారు, ఒక్క బావ తప్ప. ఆయన తన కట్టు కట్టిన కాలినే చూసుకుంటున్నాడు. ఆ వాకిట్లో సగం మంది బండ్లు నా షెడ్డుకే వచ్చేవి. చెల్లె గడపలో నుంచి నా మొహం చూస్తోంది, మొగుడి మాట నిలబెట్టగలిగినవాడు ఇంకెవరూ లేరన్నట్టు చూస్తోంది.

"మంచిగనె ఉండె" అన్నాను.

ఒక రకంగా అది నిజమే కదా అని దారి పొడవునా సర్ది చెప్పుకున్నాను. ఆయిలు మంచిగనే ఉంది, ప్యాడ్లు మంచిగనే ఉన్నాయి. ముసలాయన నిట్టూర్చి, ఏడాది వంతు ఇంకొకరికి పోతుందని చెప్పాడు. చెల్లె లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాను.

బండి మా షెడ్డు వెనకే పడి ఉంది. పది రోజులు దాని వైపు పోలేదు, పని ఉన్నా లేకున్నా ఇటు తిరిగి కూర్చునేవాణ్ణి. చివరికి ఒకనాడు ఉండబట్టక ఎడమ వైపు వెనక చక్రం విప్పాను. లోపల పళ్ళున్న ఒక ఇనుప రింగు ఉంటుంది, దాని పక్కనే వేలెడంత సెన్సరు. చక్రం తిరుగుతోందో ఆగిందో ఆ పళ్ళను లెక్కబెట్టి అదే డబ్బాకు చెబుతుంది. ఆ రింగు తుప్పు పట్టి పొరలు పొరలుగా ఉబ్బింది, పళ్ళ మధ్య చేప పొలుసులు అట్టలు కట్టాయి, ఒక చోట నిలువునా చీలింది. తల ఎత్తి చూస్తే సరిగ్గా దానిపైనే నేను డ్రిల్లుతో వేసిన రెండు బొక్కలు. ఉప్పు కలిసిన ఐసు నీళ్ళు నెలల తరబడి దాని మీదే కారాయి. బండి నెమ్మదించినప్పుడు ఆ చెడిపోయిన పళ్ళు చూసి, చక్రం బిగుసుకుపోయిందేమోనని డబ్బా పొరపడి బ్రేకు వదిలేసేది, అందుకే ఆ చివరి రెండు గజాలు. జబ్బంతా అంతే. రింగు మార్చి, సెన్సరు తుడిచి, ఆ బొక్కల కింద ఒక గొట్టం పెట్టి ఉంటే ఒక పూట పని. నేను మూడు రోజులు నాలుగు చక్రాలూ విప్పాను, ఈ రింగును పట్టించుకోలేదు, పెడలు ఎందుకు కొట్టుకుంటోందని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు, ఎలా ఆపాలా అనే చూశాను. ఆ తుప్పు రింగు చేతిలో పట్టుకుని నేలమీద కూర్చుని, పెద్దవాణ్ణి అయ్యాక మొదటిసారి ఏడ్చాను.

ఆ సాయంత్రమే షామీర్‌పేట వెళ్ళాను. చెల్లె చేపలతో బయటికి పోయింది, అరువుకు తెచ్చిన సరుకును తట్టలో నెత్తిన పెట్టుకుని నడిచి అమ్ముతోందట. బావ మంచం మీద కూర్చుని వల అల్లుతున్నాడు. ఫ్యూజు సంగతి, బల్బు సంగతి, రింగు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆయన చేతులు ఆగలేదు, ముడి మీద ముడి వేస్తూనే ఉన్నాడు.

"నాకు ఎర్కనె బావా" అన్నాడు. "తాళం తిప్పంగనె పసుపు లైటు ఎలిగి ఆరిపోవాలె, ఎలగకుంటె బండి తోలొద్దని బండిచ్చిన సారు చెప్పిండు. నీ షెడ్డుకాడ నుంచి తెచ్చిన్నాడె సూసిన, ఎలగలే."

మరి నన్నెందుకు అడగలేదన్నాను. నువ్వు జేసిన పనిని మల్ల నేను అడుగుడేంది అన్నాడు. అంతమంది ముందు ఎందుకు చెప్పలేదన్నాను. ఆయన వల ఒళ్ళో దించాడు.

"నేను నీ తప్పని అంటె, నువ్వు కాదని అంటె, నీ చెల్లె ఎవరి దిక్కు నిలవడాలె? దానికి పుట్టిల్లంటె నువ్వొక్కనివే ఉన్నవ్. తాగిండన్న మాట నాకు కొత్తది గాదు, నేను మోస్త. దానికి చెప్పకు."

ఆయన మాట వినాలని నాకు ఎంత ఆశ పుట్టిందో ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడను. ఇంత పెద్ద మనసుతో ఒకరు మన తప్పును కప్పుతామంటే ఆ దుప్పటి కిందే పడుకోవాలనిపిస్తుంది. కానీ చెల్లె ఖాళీ తట్టతో వాకిట్లోకి వచ్చి, మంచం వైపు చూడకుండా నన్ను మాత్రం పలకరించి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది. ఆ చూడకపోవడం చూశాక నా వల్ల కాలేదు. ఆమె కాళ్ళు తుడుచుకుంటుండగానే మళ్ళీ మొత్తం చెప్పాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు.

"నెల దినాలైంది అన్నా, ఆయన మొఖం సూడక" అంది, అంతే.

లోపలికి వెళ్ళి అన్నం వండింది. ముందు బావకు కలిపి పెట్టి, ఆయన తిన్నంతసేపూ పక్కనే కూర్చుంది. తర్వాత నాకూ వడ్డించింది, చారు తక్కువైతే అడగకముందే పోసింది. నేను మర్నాడు ముసలాయన ఇంటికి వెళ్ళి, నలుగురినీ పిలిపించి, బావ తాగలేదు, తప్పు నాది, ఆనాడు నేను అబద్ధం చెప్పాను అని నిలబడి చెప్పాను. వాళ్ళు పొరపాటు ఒప్పుకుని బావ ఇంటికి వచ్చి చేతులు పట్టుకున్నారు. కానీ వంతు అప్పటికే చేతులు మారింది, మరుసటి ఏడాదికి గానీ తిరిగి రాలేదు. తిరిగి వచ్చేసరికి ఆయన కాలు వంకరగా అతుక్కుంది, తెప్ప మీద నిలబడితే ఒరిగిపోయేవాడు. మళ్ళీ చెరువులోకి దిగలేదు. గట్టున కూర్చుని అందరి వలలూ బాగుచేసేవాడు, ఇప్పటికీ చేస్తాడు. ఆ కాలి మాట ఆయన నోటి నుంచి నేను ఒక్కసారి కూడా వినలేదు. వినాలనే కొన్నిసార్లు అనిపిస్తుంది.

ఇప్పుడు పని అంతా మారిపోయింది. బండి రాగానే కుర్రాళ్ళు స్టీరింగు కింద ఒక తీగ తగిలిస్తారు, ఎడమ వెనక చక్రం సెన్సరు అని తెర మీద అక్షరాలు పడతాయి, యజమానికి కాగితం ఇస్తారు. మెకానిక్కు మాట మీద ఎవరూ ఉండనక్కర్లేదు. మంచిదే, నాలాంటివాడి సిగ్గుకు ఎవరి కాలూ పోదు. షెడ్డు పోయింది, రోడ్డు నాలుగు వరసలైంది, దాని మీద గీతలు వేసేవాళ్ళూ లేరు, వేస్తే పోలీసులు పట్టుకుంటారు. మా ఈడు మెకానిక్కులం ఎప్పుడైనా టీ దగ్గర కలిస్తే, తరతరాలుగా మన దగ్గరికే వచ్చిన ఇళ్ళవాళ్ళు కూడా అద్దాల షోరూములకు పోతున్నారని, చుట్టరికం కూడా చూడటం లేదని వాళ్ళు నొచ్చుకుంటారు. నేను తల ఊపుతాను.

మా చెల్లె రాకపోకలు ఏమీ తగ్గించలేదు. ప్రతి రాఖీకి వస్తుంది, నా షుగరు ఎంతుందని అడుగుతుంది, నేను ఇష్టంగా తింటానని కొర్రమీను ముక్కలు విడిగా వేయించి తెస్తుంది. ఈ ఏడాది మేనకోడలు తోలుకొచ్చిన కారులో వచ్చింది. బండి వాకిట్లో ఆగుతుంటే ముందు చక్రం దగ్గర సన్నటి కీచు, ప్యాడు అరిగిన చప్పుడు, నిద్రలో విన్నా పోల్చగలను. నా చేతులు ఊరుకోలేదు. ఒక్కసారి చక్రం విప్పి చూస్తా, పదినిమిషాల పని అన్నాను. మేనకోడలు తల్లి వైపు చూసింది.

"వద్దన్నా, నువ్వు కూసో" అంది చెల్లె, ఎంతో ప్రేమగా. "సోమవారం షోరూంల ఇస్తరు పిల్లలు."

ఆ ప్రమాదం తర్వాత ఇన్నేళ్ళలో ఆ ఇంటి నుంచి సైకిలు కూడా నా చేతికి రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు, అనరు కూడా. చూసేవాళ్ళు కాలం మారింది, అందరూ షోరూములకే పోతున్నారు అనుకుంటారు. మిగతా అందరి సంగతీ అదే కావచ్చు. మా చెల్లె సంగతిలో మారింది కాలం కాదని మాత్రం నాకూ ఆమెకూ తెలుసు.